మరి పరిగెత్తావెందుకు, జోజమ్మా?

జనవరి నెలలో, మంచు ఇంకా విడవని ఒక పొద్దున, తిరువూరు బోసుబొమ్మ సెంటర్లో జోజమ్మను దొంగ అని పట్టుకున్నారు. ఆమె చేసిందల్లా పరిగెత్తడం.

మిరపకోతకు వెళ్ళే కూలీల ముఠా ఆటో కదులుతోంది. కదిలిన ఆటో ఎవరికోసమూ ఆగదు. వెనక కడ్డీ పట్టుకుని ఎక్కగలిగినవాళ్ళకే ఆ రోజు కూలి. అందనివాళ్ళు క్యారేజీతో ఇంటికి తిరిగొచ్చి, చేలో తినాల్సిన అన్నం గడపలో కూర్చుని తినాలి. అందుకే మా పేట ఆడవాళ్ళు పొద్దున్నే పరిగెడతారు. ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఇంకో చేతిలో క్యారేజీ ఊగిపోతుంటే పరిగెడతారు. దాన్ని ఎవరూ పరుగు అనరు. పనికెళ్ళడం అంటారు.

అదే వేళకు అదే రోడ్డు మీద ఇంకో రకం మనుషులు కూడా పరిగెడతారు. వాళ్ళది నడక మిత్రమండలి. తెల్ల బూట్లు, మెడలో తువ్వాలు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. వాళ్ళు తిన్నది అరగడానికి పరిగెడతారు. ఆ రోజు మండలి కార్యదర్శి హనుమయ్యగారి భార్య శివపార్వతమ్మ నడుస్తూ నడుస్తూ మెడ తడుముకుంది. గొలుసు లేదు. "అయ్యో, నా గొలుసు!" అని కేకపెట్టింది. అందరూ చుట్టూ చూశారు. కనిపించింది జోజమ్మ.

ఇద్దరు అడ్డంగా వెళ్ళి జబ్బ పట్టుకున్నారు. ఇంకొకడు జుట్టుముడి పట్టుకుని వెనక్కి లాగి చెంప మీద కొట్టాడు. క్యారేజీ మూత ఊడి అన్నం, వంకాయ పచ్చడి తారు మీద పడ్డాయి. ఆటో వెళ్ళిపోయింది. టీ బంకు వెనక్కి తీసుకెళ్ళి ఇద్దరు ఆడవాళ్ళు చీర విప్పించి దులిపి చూశారు. ఏమీ దొరకలేదు. "ఎవరికో అందించేసి ఉంటుంది" అన్నారు. హనుమయ్యగారి ఎరువుల కొట్టు ముందు, మెట్ల కింద కూర్చోబెట్టారు. మంచు విడిపోయి ఎండ మొహం మీద పడేదాకా ఆమె అక్కడే కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూసి వెళ్ళారు. చివరికి హనుమయ్యగారి ఇంట్లో పనిచేసే మనిషి ఫోను చేసింది. గొలుసు స్నానాలగదిలో కొక్కేనికి వేలాడుతోందట. ముందురోజు తలంటుకున్నప్పుడు తీసి తగిలించి అమ్మగారు మరిచిపోయారట.

అందరూ నవ్వుకున్నారు. శివపార్వతమ్మ "హమ్మయ్య" అంది. ఎవరో జోజమ్మకు టీ తెప్పించారు. ఆమె ముట్టుకోలేదు.

"నలుగురిలో నన్ను కొట్టారండీ. చీర ఊడదీశారు. ఒక్క మాటన్నా అనరా?" అంది.

హనుమయ్యగారు నిజంగానే ఆలోచించినట్టు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అది కాదమ్మా. మరి పరిగెత్తావెందుకు? నువ్వు పరిగెత్తబట్టే కదా అనుమానం వచ్చింది? నెమ్మదిగా నడిచి వెళ్తుంటే నిన్నెవరు పట్టుకునేవాళ్ళు?" అన్నాడు.

ఆయన ఆ మాటను తిట్టుగా అనలేదు. లెక్కలో తప్పు ఎక్కడ జరిగిందో పిల్లలకు చెప్పే మాస్టారిలా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "అదీ నిజమే" అన్నారు. ఇలాంటి ఊళ్ళలో అన్యాయం అరుస్తూ రాదు. ఓపిగ్గా, అర్థమయ్యేట్టు చెబుతూ వస్తుంది.

జోజమ్మ పుట్టింది మునుకుళ్ళలో. మా పేటకు కోడలై వచ్చింది. వరసకు నాకు అత్త. భర్త శౌరయ్య మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తాడు. కూతురు విజయవాడలో నర్సింగు చదువుతోంది. జోజమ్మకు నలభై దాటాయి. పొట్టి మనిషి, పిక్కలు మాత్రం మగవాడికున్నట్టుంటాయి. ఆమె దేవత అని నేను రాయను. నోరు పెద్దది. కుళాయి దగ్గర ఆమె బిందె కంటే ముందు బిందె పెట్టి బతికి బట్టకట్టినవాళ్ళు లేరు. పెళ్ళిలో తన విస్తట్లో ముక్క తక్కువైతే పెళ్ళికొడుకు తండ్రిని పిలిచి అడుగుతుంది. అలాంటి మనిషి ఆ సాయంత్రం గడపలో కూర్చుని, జరిగిందంతా నాకు పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో ఒక్క మాటే రెండుసార్లు అంది.

"కొట్టిందానికి కాదురా డానీ. పరిగెత్తావెందుకు అన్నాడే, అదీ."

మర్నాడు ముఠా మేస్త్రి సుందరరావు పేటకొచ్చాడు. ఆటో అతనిదే, కూలీలను రైతులకు కుదిర్చేదీ అతనే. జోజమ్మ తరఫున మాట్లాడటానికి వచ్చాడనుకున్నాం. ఆడవాళ్ళందరినీ పిలిచి, "ఇదిగో, ఇకనుంచి సెంటర్లో ఎవరూ పరిగెత్తొద్దు. ఆటో పేట చివరే పెడతా. కాస్త ముందు లేచి బుద్ధిగా నడిచొచ్చి ఎక్కండి. మనకి సగం పని హనుమయ్యగారి తోటలూ ఆయన చుట్టాల తోటలే. గుర్తుపెట్టుకోండి" అన్నాడు. రెండో రోజు నుంచే అందరూ తెల్లవారకముందే లేచి, గుడికి వెళ్తున్నట్టు వరసగా నడిచి వెళ్ళి ఆటో ఎక్కుతున్నారు. ఏళ్ళ తరబడి పరిగెత్తిన ఆడవాళ్ళ చేత ఒక్క మాటతో పరుగు మాన్పించారు.

జోజమ్మ మాత్రం మానలేదు. కావాలని ఇంట్లోంచి ఆలస్యంగా బయల్దేరేది. సందు మొదట్లో నిలబడి, ఆటో ఇంజను చప్పుడు వినబడ్డాక అప్పుడు పరుగందుకునేది.

"నీకు చెబితే ఎక్కదా?" అని సుందరరావు అరిచేవాడు.

"ఆటో నీదన్నా. కాళ్ళు నావి" అనేది కడ్డీ పట్టుకుంటూ.

నేను పనిచేసేది ఫ్లెక్సీలు కొట్టే షాపులో. పుట్టినరోజులకూ చావులకూ ఒకటే సైజు, మనిషి చేతులు కట్టుకున్న ఫొటో ఒకటే. ఫిబ్రవరి మొదట్లో హనుమయ్యగారే స్వయంగా షాపుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మహిళా దినోత్సవానికి మిత్రమండలి తరఫున ఆడవాళ్ళకు ఐదు కిలోమీటర్ల పరుగు పోటీ పెడుతున్నారట. సెంటర్ నుంచి బైపాస్ దాకా వెళ్ళి మళ్ళీ సెంటర్‌కే రావాలి. ప్రవేశం ఉచితం. కంప్యూటర్లో ఎక్కడినుంచో పరిగెడుతున్న తెల్లపిల్ల బొమ్మ తీసి పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"బాగుంది. కింద గులాబీ రంగులో ఈ మాట వెయ్యి: పరిగెత్తు మహిళా, ప్రగతి నీదే!"

నేను ఆయన మొహంలోకి చూశాను. అందులో ఏమీ లేదు. ఆ రోడ్డు మీద ఆయన ఒక ఆడమనిషిని ఏమడిగాడో ఆయనకు గుర్తే లేదు. అది నన్ను అన్నిటికన్నా ఎక్కువ మండించింది. గుర్తుండి దాచుకునేవాడైతే కొంత నయం. ఆ అక్షరాలు ఆయన చెప్పినదానికంటే పెద్దవి చేసి కొట్టాను.

సాయంత్రం జోజమ్మతో చెప్పాను. ఆమె చేతులకు మిరప మంట తగ్గడానికి మజ్జిగ రుద్దుకుంటోంది.

"ఎవరైనా పరిగెత్తొచ్చా?"

"ఆడవాళ్ళయితే చాలు."

"సెంటర్లోనా?"

"సెంటర్లోనే మొదలు, సెంటర్లోనే ఆఖరు."

"వాళ్ళందరూ ఉంటారా?"

"స్టేజి మీదే ఉంటారు."

ఆమె మజ్జిగ చేతులు దులుపుకుంది. "రాసెయ్ నా పేరు. ఆ రోడ్డు మీదే, వాళ్ళు చూస్తుండగానే పరిగెడతా. ఈసారి ఎవరు పట్టుకుంటారో చూస్తా."

మంచం మీద పడుకున్న శౌరయ్య లేచి కూర్చున్నాడు. "ఐదు కిలోమీటర్లంటే ఎంతో తెలుసా? ఇక్కణ్ణించి మల్లేల పోయినంత ఉంటదే. నువ్వు పరిగెడితే కుక్కలు వెంటపడతయ్యి."

"పడనీ. ఒక్కదాన్నే పరిగెడితే బోరు కదా" అంది. నేను అప్పుడే ఫోన్లో పేరు నమోదు చేసేశాను.

సాధన సాగర్ కాలవ కట్ట మీద మొదలైంది. పనినుంచి దిగగానే, పొద్దు వాలేలోపు. మొదటి రోజు నేను సైకిలు మీద ముందు ఉన్నాను. "ఊఁ, రా అత్తా" అన్నాను. ఆమె వచ్చిన వేగానికి నేను సైకిలు తొక్కలేకపోయాను. నన్ను దాటేసింది. ఆహా అనుకున్నాను. తూము దగ్గరికి వచ్చేసరికి ఆమె కట్ట మీద చతికిలబడి, గుండె పట్టుకుని, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. మిరప ఘాటు ఊపిరితిత్తుల్లో ఉందేమో, దగ్గి దగ్గి కళ్ళవెంట నీళ్ళు కార్చింది.

"అంత పరుగెందుకత్తా? నెమ్మదిగా పరిగెత్తాలి."

"నెమ్మదిగా పరిగెత్తడం ఏంట్రా? నెమ్మదిగా అయితే నడవొచ్చుగా!"

నాకప్పుడు అర్థమైంది. పాతికేళ్ళుగా పరిగెడుతున్న మనిషికి పరుగు రాదు. ఆమెకు తెలిసింది కదిలిపోయే ఆటోను అందుకునే పరుగు ఒక్కటే. సందు మొదట్లోంచి కడ్డీ దాకా. కడ్డీ చేతికందితే పరుగు అయిపోతుంది. కట్ట మీద కడ్డీ లేదు. ఇంకో కష్టం చేతులు. ఖాళీ చేతులతో ఆమె ఎప్పుడూ పరిగెత్తలేదు. వాటిని ఏం చెయ్యాలో తెలియక ఒకసారి నడుం మీద పెట్టుకునేది, ఒకసారి గాల్లో ఆడించేది. చివరికి నీళ్ళ సీసా ఒకటి పట్టుకుంటే కుదురుకుంది.

నేను ఫోన్లో చూసి ఏవేవో చెప్పాను. ఊపిరి ముక్కుతో తీసుకోమన్నాను. మడమ ముందు ఆనించమన్నాను. ఒక్కటీ పనిచెయ్యలేదు. రోజూ తూము దగ్గరే ఆగిపోయేది. వారం తర్వాత ఒక సాయంత్రం తానే అంది.

"కోతలో కొత్తపిల్లలు చేస్తారే, అట్టా చేస్తున్నా నేను. పొద్దున్నే సాలు పట్టుకోగానే గబగబా కోసేసి అందరికన్నా ముందు పోతారు. మధ్యాన్నానికి నడుం పడిపోయి గట్టు మీద కూర్చుంటారు. సాలు మొదట్లో దాని చివర చూడకూడదు. ముందున్న చెట్టు చూడాలి. అది కోసి, పక్క చెట్టు."

ఆ రోజు ఆమె కట్ట మీదున్న కరెంటు స్తంభాలను చెట్లు చేసుకుంది. ఒక్కో స్తంభం దాకానే. దాని తర్వాత ఇంకోటి. వేగం చూస్తే నవ్వొస్తుంది, బాతు నడిచినట్టుంది. కానీ తూము దాటింది. దాటాక నావైపు తిరిగి "ఏదిరా నీ సైకిలు?" అని తిట్టింది. నేను వెనకబడి ఉన్నాను.

బూట్లు కూడా వచ్చాయి. శౌరయ్యే సంతలో ఎవరివో పాతవి కొనుక్కొచ్చాడు. పైకి మాత్రం "నాక్కూడా పనికొస్తయ్యని తెచ్చా" అన్నాడు, అవి ఆయన పాదానికి సగం కూడా లేవు. రెండు రోజులు వేసుకుంది. మడమలు బొబ్బలెక్కి, మూడో రోజు చేలో చెప్పులు కూడా వేసుకోలేకపోయింది. బూట్లు చూరులో దోపేసి ఒట్టి కాళ్ళతో పరిగెత్తింది.

విభూది బుధవారం వచ్చింది. మాకు తపస్కాలం మొదలైంది. నలభై రోజులు మాంసం ఉండదు, పెళ్ళిళ్ళుండవు, వేడుకలుండవు. శుక్రవారాలు జోజమ్మ పచ్చి మంచినీళ్ళు కూడా సాయంత్రం దాకా ముట్టదు. ఆ శుక్రవారం ఉపవాసంతోనే చేలో పనిచేసి, ఉపవాసంతోనే పరిగెత్తి, కట్ట మీద కళ్ళు తిరిగి పడింది. మోకాలు చీరుకుపోయింది. లేచి ఇంకాస్త పరిగెత్తి మళ్ళీ పడింది. ఆ రాత్రి సిలువ మార్గం ప్రార్థనకు కుంటుకుంటూ వచ్చింది. గుడి ఉపదేశి అంతోనయ్య ముసలాయన, మా పేట మొత్తానికి పెద్ద.

"జోజమ్మా, తపస్కాలంలో ఈ ఆటలేంటమ్మా? పోటీ కూడా ఆదివారం పొద్దునేనట. నలుగురూ నవ్వుతున్నారు" అన్నాడు.

"ఏసయ్య సిలువ మోస్తూ మూడుసార్లు పడ్డాడని ఇప్పుడే కదా తాతా చదివావు? నేను రెండుసార్లే పడ్డా. ఇంకోటి బాకీ ఉంది."

"దేవుడితో హాస్యాలా!"

"హాస్యం కాదు. ఆయన్ని కూడా చేయని తప్పుకే పట్టుకున్నారు."

అంతోనయ్య పుస్తకం మూశాడు. "ఆ పొద్దున పూజకు మాత్రం రా. ఆలస్యమైనా రా" అన్నాడు.

పోటీ ఇంకో వారముందనగా సుందరరావు ఇంటికి వచ్చాడు. ఉత్త చేతులతో రాలేదు, స్వీటు డబ్బా తెచ్చాడు. జోజమ్మ పేరు మండలివాళ్ళ కళ్ళబడింది. జనవరిలో జరిగింది ఎవరో వాళ్ళకు గుర్తుచేశారు. విలేకరులు వస్తారు, పాత సంగతి తవ్వుతారు, కార్యక్రమం పాడవుతుంది. పెద్దమనుషులు కూర్చుని ఒక ఉపాయం ఆలోచించారు. ఈ ఊళ్ళో అన్ని రోగాలకూ ఒకటే మందు, శాలువా.

"జోజమ్మా, నీ పంట పండింది" అన్నాడు సుందరరావు. "నువ్వు పరిగెత్తక్కర్లేదు. స్టేజి మీద కుర్చీ వేస్తారు. కష్టజీవి మహిళ అని నీకు సన్మానం. శాలువా, దండ, పూర్ణకుంభం ఆకారంలో జ్ఞాపిక. హనుమయ్యగారే కప్పుతారు."

"ఎందుకు?"

"ఎందుకేంటి? గౌరవం!"

"నేను కష్టజీవినని ఇప్పుడు తెలిసిందా ఆయనకి? కొట్టు మెట్ల కింద కూర్చోబెట్టిన రోజు తెలవదా?"

"అదిగో, మళ్ళీ పాతదంతా ఎత్తుకుంటావు. వాళ్ళు ఒక మెట్టు దిగొచ్చారు. నువ్వూ ఒక మెట్టు దిగు."

"నేను మెట్ల కిందే ఉన్నా కదన్నా. ఇంకెక్కడికి దిగను?"

నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. నోరు మెదపొద్దని శౌరయ్య నా చెయ్యి నొక్కుతున్నాడు. సుందరరావు గొంతు మార్చాడు.

"చూడు, తిన్నగా చెబుతున్నా. నువ్వు ఆ రోజు పరిగెడితే నా ఆటోలో నీకు చోటుండదు. నా మీద కోపం పెట్టుకోకు. ఆయన తోటలు పోతే అందరికీ పని పోతుంది. నీ ఒక్కదాని పంతం కోసం ఇంతమంది కడుపు మాడ్చమంటావా? నువ్వే చెప్పు."

ఇది నిజంగా కష్టమైన మాట. పేటలో ఇంకో ముఠా లేదు. శౌరయ్య నడుం పట్టేసి నెలలో సగం రోజులు యార్డుకు వెళ్ళడం లేదు. ఆమె మిరప కారంతో పగిలిన గోళ్ళను చూసుకుంటూ కూర్చుంది. నేను మనసులో అనుకున్నాను, అయిపోయింది, శాలువా కప్పించుకుంటుంది. ఎవరైనా అదే చేస్తారు. మా పేటలో చాలా ఇళ్ళల్లో గోడలకు అలాంటి ఫొటోలున్నాయి.

"అందరి కడుపూ నువ్వు చూసుకో అన్నా. నన్ను తీసెయ్. అప్పుడు ఎవరి తోటా పోదు" అంది. స్వీటు డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. "శాలువా ఎండాకాలం ఏం చేసుకుంటాను? నాకు రోడ్డు కావాలి."

ఆదివారం తెల్లవారకముందే సెంటర్ నిండిపోయింది. కాలేజీ పిల్లలు, టీచరమ్మలు, ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు, మిత్రమండలి వాళ్ళ కోడళ్ళు. అందరికీ గులాబీ రంగు టీషర్టులు. జోజమ్మ చీర మోకాళ్ళ పైకి గోచీ పెట్టి కట్టుకుని, పైన టీషర్టు తొడుక్కుంది. ఛాతీ మీద నంబరు అతికించుకుంది. ఒట్టి కాళ్ళు. కాలేజీ పిల్లలు మూతులకు చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. శివపార్వతమ్మ స్టేజి మీద ముందు వరసలో కూర్చుంది. జోజమ్మను చూసి, మళ్ళీ చూడనట్టు ఫోన్లోకి తల దించుకుంది. పక్కన మడత విప్పని శాలువా ఉంది. వాళ్ళు ఆశ వదులుకోలేదు.

హనుమయ్యగారు పొద్దెక్కేదాకా మైకులో మాట్లాడాడు. స్త్రీశక్తి గురించి చెప్పాడు. తరవాత విజిలేశారు.

ఇక్కడ జరిగిందాన్ని నేను దాచను. పరిగెత్తేవాళ్ళకు దారి చూపడానికి వాళ్ళు ముందు మైకు కట్టిన ఆటో ఒకటి పెట్టారు. విజిల్ వినగానే ఆ ఆటో పొగ చిమ్ముకుంటూ కదిలింది. కదిలే ఆటో. జోజమ్మ ఒళ్ళు ఆమె మాట వినలేదు. వారాలపాటు స్తంభం స్తంభం నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. బాణంలా దూసుకుపోయింది. కాలేజీ పిల్లల్ని దాటింది, కానిస్టేబుళ్ళను దాటింది, అందరికన్నా ముందుకెళ్ళి ఆటో వెనక కడ్డీ పట్టుకుని ఒక కాలు పైకెత్తేసింది కూడా.

సెంటరంతా గొల్లుమంది. "అమ్మా, ఆటో ఎక్కకూడదమ్మా! పరిగెత్తాలి!" అని మైకులో హనుమయ్యగారు. నవ్వు ఇంకా పెరిగింది. ఎవడో ఈలేశాడు.

ఆమె కడ్డీ వదిలేసింది. రోడ్డు మధ్యలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. ఊపిరి అందడం లేదు. గులాబీ టీషర్టులన్నీ ఆమెను దాటుకుంటూ వెళ్ళిపోయాయి. పిల్లలు దాటారు, లావుపాటి టీచరమ్మలు దాటారు. చివరికి మాటలు చెప్పుకుంటూ నడుస్తున్నవాళ్ళు కూడా దాటారు. నేను షాపు స్కూటీ మీద పక్కకి వెళ్ళాను.

"అత్తా, పోదాం రా. ఇంక చాలు."

ఆమె తల ఎత్తలేదు. ఉమ్మేసింది. "ఏదిరా మొదటి చెట్టు?" అంది.

"ఆ మందుల షాపు బోర్డు."

ఆమె మందుల షాపు బోర్డు దాకా వెళ్ళింది. తరవాత పెట్రోలు బంకు దాకా. బాతు నడకే. బైపాస్ దగ్గర మలుపు గుర్తుకు పెట్టిన డ్రమ్ము చుట్టూ తిరిగేసరికి నడిచేవాళ్ళందరినీ దాటేసింది, ఇద్దరు టీచరమ్మలను కూడా. తిరుగుదారిలో ఎండ ముదిరింది. తారు కాలడం మొదలైంది. ఆమె రోడ్డు పక్క మట్టిలోకి దిగి పరిగెత్తింది. గాజుపెంకు గుచ్చుకుంది. ఆగి తీసేసుకుని మళ్ళీ పరిగెత్తింది. నేను నోరు మూసుకుని పక్కన వెళ్ళాను. ఆమెకు నా అవసరం లేదు.

సెంటర్ కనిపించేసరికి అక్కడ బహుమతులు ఇచ్చేస్తున్నారు. మొదట వచ్చిన కాలేజీ పిల్లకు చప్పట్లు కొడుతున్నారు. పోలీసులు తాళ్ళు విప్పేసి ట్రాఫిక్ వదిలేశారు. విజయవాడ బస్సు హారను కొట్టుకుంటూ వస్తోంది. వాలంటీరు పిల్లాడొకడు చేతులు అడ్డంగా చాపాడు.

"అయిపోయిందమ్మా, అయిపోయింది. పక్కకొచ్చెయ్."

"నాది అవ్వలేదు" అని అతని చెయ్యి కింద నుంచి దూరి వెళ్ళింది.

బస్సు పక్కన పరిగెడుతోంది. కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. టీ బంకు దాటింది. ఎరువుల కొట్టు దాటింది. అప్పుడు రోడ్డు పక్కన మా ముఠా ఆడవాళ్ళు కనిపించారు. చర్చికి వెళ్ళే చీరల్లో, చేతుల్లో పాటల పుస్తకాలతో గుంపుగా నిలబడి ఉన్నారు. సుందరరావు చూస్తాడని ఎవరూ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. కానీ ఎవరూ కదల్లేదు కూడా. పూజకు వేళ దాటిపోతున్నా అక్కడే నిలబడి చూస్తున్నారు.

హనుమయ్యగారు ఆమెను చూశాడు. ఆయన తెలివైనవాడే. మైకు పక్కవాడికిచ్చి, శాలువా తీసుకుని స్టేజి దిగి, గమ్యం దగ్గర కట్టిన ఫ్లెక్సీ తోరణం కింద రెండు చేతులా శాలువా విప్పి పట్టుకుని నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్లు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆమె వచ్చి ఆగుతుంది, ఆయన కప్పుతాడు, జనవరి ఆ ఫొటో కింద పూడిపోతుంది. అంత అలసిపోయిన మనిషిని ఎవరైనా పట్టుకోవచ్చు.

ఆమె తోరణం కిందికి వచ్చింది. ఆయన చేతులు ముందుకు చాపాడు. ఆమె ఆగలేదు. నెమ్మదించనైనా లేదు. ఆయనే తడబడి పక్కకి జరిగాడు, జరగకపోతే గుద్దుకునేది. తోరణం దాటింది, స్టేజి దాటింది, శివపార్వతమ్మ కుర్చీ దాటింది. "అమ్మా, ఆగు, ఆగమ్మా, అయిపోయింది!" అని మైకు అరుస్తోంది. ఆ ఊరి పెద్దమనుషులందరూ ఆగమంటూ చూస్తుండగా, నడిరోడ్డు మీద, అదే బాతు పరుగుతో, చర్చి సందు మలుపు తిరిగేదాకా జోజమ్మ పరిగెడుతూనే ఉంది. ఒక్కడూ వెంటపడలేదు.

పూజకు ఆలస్యంగా వచ్చింది. ఆ టీషర్టుతోనే, నంబరుతోనే, రక్తం కారే పాదంతోనే వెనక చాప మీద కూర్చుంది. అంతోనయ్య ఒకసారి చూసి ప్రార్థన కొనసాగించాడు.

సోమవారం పొద్దున ఆటో ఆమెను ఎక్కించుకోలేదు. సుందరరావు చెప్పిన మాట మీద నిలబడ్డాడు. పత్రికలో మొదటి బహుమతి పిల్ల ఫొటో, హనుమయ్యగారి ఫొటో వచ్చాయి. జోజమ్మ గురించి ఒక్క అక్షరం రాలేదు. నెలరోజులు ఆ ఇంట్లో పొయ్యి ఒకపూటే వెలిగింది. ఈ సంగతి కూడా రాయాలి, లేకపోతే ఇదేదో గెలుపు కథ అనుకుంటారు. ఏప్రిల్లో రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో కోతకు ఒక ముఠా మనుషులను వెతుకుతోందని తెలిసి అక్కడ కుదిరింది. వారానికొకసారి ఇంటికి వస్తుంది.

ఈమధ్య ఆమెను బస్టాండులో కలిశాను. విస్సన్నపేట బస్సు కోసం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మామిడి సొన పడి చెంప మీద కాలిన మచ్చ ఉంది. నేను మండిపోతూ వెళ్ళాను. ఆ ముందురోజే మిత్రమండలి వాళ్ళు కొత్త ఫ్లెక్సీకి మేటరు ఇచ్చారు. ఆగస్టు పదిహేనుకు మళ్ళీ పరుగు పెడుతున్నారు. ఈసారి కింద నిబంధన చేర్చారు: బూట్లు తప్పనిసరి, చీరతో పరుగుకు అనుమతి లేదు. అది ఎవరికోసం రాశారో ఊరందరికీ తెలుసు. ఆ ఫ్లెక్సీ నేను కొట్టనని, ఉద్యోగం మానేస్తానని, కలెక్టరుకు అర్జీ పెడతానని ఏవేవో అన్నాను. ఆమె అంతా విని నవ్వింది.

"ఉద్యోగం మానేసి ఏం పీకుతావురా? కొట్టు. చీర వద్దన్నారు గానీ నైటీ వద్దనలేదుగా? నైటీ మీద తువ్వాలేసుకుని పరిగెడతా. రోడ్డేమన్నా వాళ్ళ నాయన వేయించాడా? నువ్వు మాత్రం ఆ నిబంధన ఉందే, దాన్ని పెద్దక్షరాలతో కొట్టు, ఊరంతా చదివేట్టు. తెలియక పరిగెత్తింది అని రేపు ఎవడూ అనకూడదు. చదివే పరిగెత్తానని తెలియాలి."